కింది గదిలోంచి ఏడో ఎక్కం

నా చిన్నప్పుడు నేనాడిన ఒక అబద్ధం వల్ల ఒక అక్క నడి చలికాలంలో గది ఖాళీ చేసి వెళ్ళాల్సి వచ్చింది. అది పెద్ద కట్టుకథేమీ కాదు. ఏడో ఎక్కం మధ్యలో నోరు పెగలక, నలుగురి ముందు చిన్నతనం అవుతుందని రెండు మూడు మాటలు అన్నాను, అంతే. తప్పు అంతటితో ఆగి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో. అదే సాయంత్రం దాన్ని దిద్దుకునే అవకాశం నా దగ్గరికే నడిచి వచ్చింది. నేను దాన్ని కూడా నా సుఖానికే వాడుకున్నాను. ఇంత వయసొచ్చాక కూడా నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ రెండో తప్పే.

అప్పుడు మేం విదేశంలో, స్కార్‌బరో అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకు ఆరేళ్ళున్నప్పుడు నాన్న హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి అమ్మనీ నన్నూ తీసుకుని వచ్చాడు. కొన్నాళ్ళు అపార్ట్‌మెంట్‌లో ఉండి, తర్వాత ఒక పాత ఇల్లు కొని, నేల కిందున్న దాని బేస్‌మెంట్ గది అద్దెకిచ్చాం. ఆ రోజుల్లో కాలేజీ చదువులకని మన పిల్లలు విమానాల నిండా దిగేవాళ్ళు. ఏ బస్సెక్కినా వెనక సీట్లలో తెలుగు వినిపించేది. కాలేజీలో సీటు దొరికినంత తేలిగ్గా వాళ్ళకి గది దొరికేది కాదు. పైన కాపురముండే మావంటి వాళ్ళకి వాళ్ళిచ్చే అద్దె కావాలి, వాళ్ళ అలికిడి మాత్రం వద్దు.

మా కింద ఉన్న అక్కది నల్గొండ వైపు. చేనేత కుటుంబం. తెల్లవారకముందే లేచి కాఫీ షాపులో కౌంటర్ దగ్గర నిలబడేది, మధ్యాహ్నం కాలేజీకి పోయేది, సాయంత్రానికి ఇంటికి చేరేది. ఆమె గదికి నేల మట్టాన ఒక చిన్న కిటికీ ఉండేది. దాని గట్టు మీద ఖాళీ పెరుగు డబ్బాలో కొత్తిమీర పెంచేది. మంచు పడ్డ రోజుల్లో మా పెరట్లోంచి చూస్తే తెల్లటి మంచు అంచున, అద్దం వెనక, ఆ పచ్చదనం ఒక్కటే కనిపించేది.

ఇక నా ఎక్కాల సంగతి. ఇక్కడి బడిలో ఎక్కాలు వల్లె వేయించేవాళ్ళు కాదు. మా టీచర్ గుండ్రాలు గీయించి, వాటిలో చుక్కలు పెట్టించి లెక్కబెట్టమనేది. నాన్నకి అది నచ్చేది కాదు. చుక్కలు పెడుతూ కూర్చుంటే బతుకు తెల్లారిపోతుందని, ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి రావాల్సిందేనని, అదీ తెలుగులోనే రావాలని పట్టుబట్టాడు. రోజూ అన్నాలకి ముందు నేను అప్పజెప్పాలి. ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూనే వినేవాడు. కళ్ళు తెర మీద, చెవులు నా మీద. నేను ఆగితే మాత్రం తలెత్తేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. "మళ్ళీ మొదట్నుంచి" అనేవాడు.

ఆ మాటే నాకు శిక్ష. ఆగిన ప్రతిసారీ మొదటికి పోవడం వల్ల ఏడో ఎక్కంలో మొదటి సగం అరిగిపోయేంతగా వచ్చేసింది. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళ పద్నాలుగు, ఏడు మూళ్ళ ఇరవై ఒకటి అంటూ పరుగెత్తుకుంటూ పోయి, ఏడు ఆర్ల దగ్గర గోడకి గుద్దుకునేవాణ్ణి. రెండో సగానికి పని పడేదే కాదు. పని పడనిది ఎలా వస్తుంది?

అప్పజెప్పేటప్పుడు నేను నిలబడే చోటు ఒకటుండేది. ఇక్కడి ఇళ్ళల్లో గోడ వారగా నేలలో ఇనుప జాలీలు ఉంటాయి. కింద ఫర్నేస్ మండితే వేడిగాలి రేకు గొట్టాల గుండా వచ్చి ఆ జాలీలోంచి పైకి తన్నుతుంది. దాన్ని వెంట్ అంటాం. పాదాలు వెచ్చగా ఉంటాయని నేను సరిగ్గా దాని మీదే నిలబడేవాణ్ణి. ఆ గొట్టంలోంచి వేడితో పాటు మాటలు కూడా అటూ ఇటూ తిరుగుతాయని నాకప్పటికి తెలియదు.

ఒక సాయంత్రం ఎలాగో ఏడు ఎనిమిదుల దాకా వెళ్ళి నీళ్ళు నములుతుంటే, నా పాదాల కిందనుంచి మెల్లగా "యాభై ఆరు" అని వినిపించింది. ఉలిక్కిపడ్డాను. నాన్న వైపు చూశాను. ఆయన ఏదో టైప్ చేస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని యాభై ఆరు అన్నాను. ఆయన తలెత్తలేదు. తలెత్తకపోవడమే ఆ ఇంట్లో మెప్పు.

మర్నాడు అమ్మ సాంబారు గిన్నె ఇచ్చి కిందికి పంపింది. అక్క తలుపు తీసి, నన్ను పైనుంచి కింది దాకా చూసి నవ్వింది.

"ఏడో ఎక్కంల రోజూ ఆక్సిడెంట్ చేసేటోడివి నువ్వేనా?"

నాకు సిగ్గేసింది. కానీ సిగ్గు కన్నా ఆశ ఎక్కువ. రోజూ అలా అందిస్తావా అని అడిగేశాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. సాంబారు గిన్నె స్టవ్ మీద పెడుతూ వాళ్ళ బాపు సంగతి చెప్పింది. ఆయన మగ్గం మీద నేస్తుంటే ఈమె పక్కన కూర్చుని ఎక్కాలు చదివేదట. సరిగ్గా చెప్పినంతసేపూ మగ్గం ఆడుతూ ఉండేది. తప్పు చెప్తే ఆగేది. ఆయన తిట్టడు, సరైన జవాబు చెప్పడు. ఈమె దాన్ని వెతికి పట్టుకునేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పొద్దంతా నేస్తే గాని పొట్ట గడవని మనిషి తన ఎక్కం కోసం మగ్గం ఆపుకుని కూర్చున్నాడన్న సంగతి చాలా పెద్దయ్యాక గానీ తనకి తట్టలేదని అంది.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. నోటితో అందిస్తే నాన్నకి వినబడుతుంది కాబట్టి, ఆమె గదిలో నెత్తి మీదుగా పోయే రేకు గొట్టాన్ని చెంచాతో తడుతుంది. ముందు పదులు, కాస్త ఆగి, తర్వాత ఒకట్లు. యాభై ఆరంటే అయిదు తట్లు, ఒక ఆగుడు, ఆరు తట్లు. నేను తడబడే ఏడు ఆర్లకీ, ఏడు ఏడులకీ, ఏడు ఎనిమిదులకీ, ఏడు తొమ్మిదులకీ మాత్రమే తడుతుంది. కానీ ఒక షరతు.

"ఒక్కొక్కటే మానేస్త. నేను మానేసే లోపల నువ్వు దాన్ని నేర్వాలె. ముందే చెప్తున్న, తర్వాత మోసం అనొద్దు."

నేను గబగబా తలూపాను. ఆ వయసులో షరతులో మొదటి సగమే చెవికెక్కుతుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏడో ఎక్కం నున్నగా దొర్లిపోయింది. నాన్న రెండు మూడుసార్లు చెవి ఒగ్గి, ఫర్నేస్ ఏదో టకటకమంటోంది, మనిషిని పిలిపించి చూపించాలి అని అమ్మతో అన్నాడు. నేను పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాను. కొన్నాళ్ళకి అక్క తన మాట ప్రకారం ఏడు ఆర్లకి తట్టడం మానేసింది. నేను ఆగిపోయాను. మళ్ళీ మొదట్నుంచి. మర్నాడు కిందికెళ్ళి దెబ్బలాడాను. ఆమె గిన్నెలు కడుగుతూనే, ఒకటి గుర్తు రాకపోతే కంగారు పడి మొదటికి పరుగెత్తకూడదని, దానికి ముందు మెట్టు మీద నిలబడి ఇంకో ఏడు కలుపుకుంటే చాలని చెప్పింది. ఏడు అయిదుల ముప్పై అయిదు వచ్చు కదా, దానికి ఏడు కలపలేవా అంది. కలిపాను. నలభై రెండు. అంత తేలికని తెలిసినా, మిగిలిన మూడింటికీ ఆ కష్టం పడబుద్ధి కాలేదు. చెంచా ఉందిగా అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం పక్క ఊరు ఏజాక్స్‌లో ఉండే నాన్న స్నేహితుడు, భార్యనీ కూతురినీ తీసుకుని భోజనానికి వచ్చాడు. ఏజాక్స్ అంకుల్ మాకన్నా చాలా ముందు వచ్చి స్థిరపడ్డవాడు. ఏ ఇంట్లో ఏం జరిగినా ఆయన ఫోన్ మీదుగా పోవాల్సిందే. మాటకారి. భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని ఇక్కడి చదువుల మీద పడ్డాడు. ఇక్కడి పిల్లలకి ఎక్కాలెక్కడివి, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే వీళ్ళకి రెండూ రెండూ ఎంతో కూడా తెలియదు అన్నాడు. నాన్నకి పౌరుషం వచ్చింది. మావాడికి ఏడో ఎక్కం నిద్రలో లేపి అడిగినా వస్తుందన్నాడు.

నేను లేచి నేరుగా వెళ్ళి వెంట్ మీద నిలబడ్డాను. ఆదివారాలు అక్కకి మధ్యాహ్నం కూడా షిఫ్ట్ ఉంటుందన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ అప్పుడు తోచలేదు. మొదటి సగం ఉత్సాహంగా చదివాను. ఏడు ఆర్ల నలభై రెండు కూడా చెప్పాను. ఏడు ఏడుల అని ఆగి, కింది చప్పుడు కోసం చూశాను. ఏమీ లేదు. ఫర్నేస్ కూడా ఆగిపోయి ఉంది. పాదాలు చల్లబడ్డాయి. ఏడు ఏడుల, ఏడు ఏడుల అని రెండుసార్లు అన్నాను. అంకుల్ వాళ్ళ అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న ముఖం చూశాను. కోపం లేదు అందులో. నలుగురిలో చేయి జారిన గిన్నెను చూసినట్టు నన్ను చూస్తున్నాడు. కోపం ఉన్నా భరించేవాణ్ణి.

అప్పుడన్నాను ఆ మాటలు. "కింద అక్క ఎప్పుడూ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంది నాన్నా. ఈ వెంట్‌లోంచి అంతా వినిపిస్తుంది. నన్ను చదువుకోనివ్వదు."

గదిలో ఉన్న ఇబ్బంది అంతా ఒక్కసారిగా నా మీదనుంచి లేచి కిందికి దిగిపోయింది. ఆ తేలిక నాకిప్పటికీ గుర్తుంది. అంకుల్ తొడ మీద చరుచుకుని, నేను ముందే చెప్పలా, స్టూడెంట్లంటే అంతే, అద్దె ఒకళ్ళు కడతారు, గోల పదిమంది చేస్తారు అన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి, ఆ పిల్ల అలాంటిది కాదండీ, ఉందో లేదో కూడా తెలియదు అంది. మీకలాగే ఉంటుంది వదినగారూ, మీది మెత్తటి మనసు, అని ఆయన నవ్వేశాడు. నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే నిర్ణయించుకున్నాడని అర్థం.

అక్క ఆ సాయంత్రం రాగానే నాన్న కిందికి వెళ్ళాడు. నేను వెంట్ దగ్గర నేల మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆమె నన్ను విన్న దారిలోనే నేను ఆమెను విన్నాను. నాన్న గట్టిగా మాట్లాడలేదు. పిల్లాడి చదువు పాడవుతోందమ్మా, ఏమీ అనుకోకు, నెలాఖరుకి వేరే చోటు చూసుకో అన్నాడు.

"నేను ఫోన్‌ల గట్టిగ మాట్లాడుతనని ఎవరన్నరు అంకుల్?"

"వాడే చెప్పాడమ్మా. చిన్నపిల్లాడు, వాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది?"

నేను జాలీకి చెవి ఆనించాను. చెంచా సంగతి ఒక్కటి చెప్తే చాలు, ఆమె గది ఆమెకి మిగులుతుంది. నా పరువు పోతుంది. ఆమె ఆ మాట చెప్పాలని కోరుకున్నానో, చెప్పకూడదని కోరుకున్నానో ఇప్పుడు నిజాయితీగా చెప్పాలంటే, చెప్పకూడదనే కోరుకున్నాను. "సరే అంకుల్" అంది ఆమె. అంతే.

నాన్న పైకొచ్చాడు. ఇక ఎవరూ అడ్డం రారు, చెప్పు అన్నాడు. నేను నిలబడ్డాను. కాళ్ళు వాటంతట అవే వెంట్ మీదికి పోయాయి. ఏడు ఏడుల దగ్గరికి వచ్చి ఆగాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

కిందనుంచి నాలుగు తట్లు వినిపించాయి. ఒక ఆగుడు. తర్వాత తొమ్మిది.

నేను చేసిన రెండో తప్పు అక్కడ. ఆ తట్లు వినగానే నోరు విప్పి నిజం చెప్పాల్సింది. నేను "నలభై తొమ్మిది" అన్నాను. ఏడు ఎనిమిదులకీ తట్టింది, ఏడు తొమ్మిదులకీ తట్టింది. రెండూ తీసుకున్నాను. ఏడు పదుల డెబ్భై అని ముగించాను. నాన్న చాలా రోజుల తర్వాత నా వైపు చూసి నవ్వాడు. చూశావా, ఇల్లు ప్రశాంతంగా ఉంటే ఎలా వస్తుందో అన్నాడు.

నా వల్ల గూడు పోయిన మనిషి, ఆ గూట్లో కూర్చునే నాకు ఏడో ఎక్కం అందించింది. ఎందుకు అందించిందో నాకు అర్థం కాలేదు. నా మీద కోపం వచ్చి ఊరుకుని ఉంటే బాగుండేదనిపించింది. కోపానికి ఏదో ఒక జవాబు చెప్పుకోవచ్చు. ఆ తట్లకి ఏం చెప్పుకోను?

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను కిందికి వెళ్ళడం మానేశాను. గిన్నెలు అమ్మే తీసుకెళ్ళేది. వచ్చి అక్క సంగతులు నాన్నకి వినబడేలా చెప్పేది. పరీక్షలు దగ్గర పడ్డాయట. గదుల కోసం ఫోన్ చేస్తే ముందు ఖాళీ ఉందన్నవాళ్ళు, పేరు చెప్పగానే ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామంటున్నారట. ఏజాక్స్ అంకుల్ నోట పడ్డ మాట అప్పటికే ఇల్లిల్లూ తిరిగింది. ఫోన్‌లో అరిచే పిల్ల అని ఆమెకి పేరు పడిపోయింది. నేను అనుకోకుండా అన్న మాట నా కన్నా ముందు ఆమె వెళ్ళే ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్ళి నిలబడింది.

అంత ఇబ్బందిలోనూ ఆమె ఒప్పందం తప్పలేదు. సాయంత్రం ఇంట్లో ఉంటే తట్టేది. అనుకున్న ప్రకారం ముందు ఏడు తొమ్మిదులకి మానేసింది, తర్వాత ఏడు ఏడులకి మానేసింది. ఈసారి నేను దెబ్బలాడలేదు. ముందు మెట్టు మీద నిలబడి ఇంకో ఏడు కలుపుకున్నాను. ఆమెకి నేను చేయగలిగింది అదొక్కటే అన్నట్టు కలుపుకున్నాను. చివరికి ఏడు ఎనిమిదులు ఒక్కటి మిగిలింది. మొట్టమొదట ఆమె నోటితో అందించింది అదే.

ఆమె వెళ్ళే రోజు శనివారం. పొద్దుట్నుంచీ మంచు పడుతోంది. స్నేహితురాలి కారు వస్తుందని ఇంటి పక్క వైపు తలుపు దగ్గర సామాను సర్దుకుంటోంది. సెలవు కాబట్టి నాన్న పొద్దున్నే అప్పజెప్పమన్నాడు. కింద సూట్‌కేసులు ఈడుస్తున్న చప్పుడు వెంట్‌లోంచి వస్తోంది. ఏడు ఏడుల నలభై తొమ్మిది అన్నాను. ఏడు ఎనిమిదుల అని, అలవాటుగా ఆగాను. సూట్‌కేసు చక్రాల చప్పుడే తప్ప ఇంకేమీ లేదు. ఆ ఆగుడులో, ఎవరూ తట్టకుండానే, యాభై ఆరు నా లోపలినుంచి వచ్చింది. మిగతాది కూడా వచ్చింది. డెబ్భైతో ముగించేసరికి ఏడుస్తున్నాను.

నాన్న కంగారుపడ్డాడు. బాగా చెప్పావు కదరా, ఎందుకేడుస్తావు అన్నాడు. అప్పుడు చెప్పాను. అక్క ఫోన్‌లో ఎప్పుడూ అరవలేదని, ఫర్నేస్ చప్పుడనుకున్నది చెంచా చప్పుడని, మీరు ఖాళీ చేయమన్న సాయంత్రం కూడా ఆమే అందించిందని. అమ్మ స్టవ్ ఆపేసింది. నాన్న లాప్‌టాప్ మూసేశాడు. నేను అప్పజెప్పే వేళ ఆయన దాన్ని మూయడం అదే మొదలు. కోటు తొడుక్కుని బయటికి నడిచాడు. వెనకే నేను.

పక్క తలుపు దగ్గర అక్క తల మీద మంచు పడుతుండగా నిలబడి ఉంది. నాన్న వెళ్ళి ఆమె ముందు ఆగాడు.

"వాడి తప్పు వాడు చెప్పాడమ్మా. నాది నేను చెప్పాలి. వాడి మాట విన్నాను గానీ నిన్ను ఒక్క మాట అడగలేదు. సామాను లోపల పెట్టు. ఉండిపో."

ఆమె నా వైపు చూసింది. నా కళ్ళు చూసి సంగతి గ్రహించినట్టుంది. తల అడ్డంగా ఊపింది. తాను పోయే చోట ఉన్న అమ్మాయిలకి వస్తానని మాటిచ్చానని, తన కోసమే ఇంకొకరిని కాదన్నారని, ఇప్పుడు పోకపోతే తన వాటా వాళ్ళ నెత్తిన పడుతుందని అంది. ఒకళ్ళు మాట తప్పితే ఇంకొకళ్ళకి ఏమవుతుందో ఆ నెలలో ఆమెకి తెలిసినంత మాకెవరికీ తెలియదు. నాన్న ఇంక బలవంతపెట్టలేదు. స్నేహితురాలికి ఫోన్ చేసి రావద్దని చెప్పమన్నాడు. సూట్‌కేసులు మా కారులో పెట్టాడు. నేను వెనక సీట్లో ఆమె రైస్ కుక్కర్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అది పెద్ద అపార్ట్‌మెంట్ టవర్. ఆమెకి అక్కడ గది లేదు. హాల్లో ఒక మూల తాడు కట్టి దుప్పటి వేలాడదీసి ఉంది. దాని వెనక ఒక పరుపు. కిటికీ దుప్పటికి అవతల, మరొకరి వాటాలో ఉంది. నేను ఆ దుప్పటిని చూస్తూ నిలబడిపోయాను. నేనాడిన మాట ఎంత ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. సరిగ్గా ఆ మూలంత ఉంది.

అక్క తన సంచిలోంచి కొత్తిమీర డబ్బా తీసి అటూ ఇటూ చూసింది. పెట్టడానికి చోటు లేదు. నా చేతికిచ్చి, దీనికి ఎండ కావాలె, నువ్వు ఉంచుకో అంది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. నోటికి వచ్చింది వేరే.

"చెంచా సంగతి మా నాన్నకి ఎందుకు చెప్పలేదక్కా?"

ఆమె దుప్పటి కొస సరిచేసింది. "అప్పటికే సగం నేర్చినవు. ఆ రోజు చెప్తే మీ నాన్న నిన్ను మళ్ళ మొదట్నుంచి నిలబెడుతుండె. సగం నేసిన బట్ట మగ్గం మీదికెల్లి ఎవరన్న కోస్తరా?" అని, నా నెత్తి మీద చేయి వేసింది. "ఎనిమిదో ఎక్కం షురూ చేసినవా?"

తిరిగి వచ్చేటప్పుడు, అంకుల్ వాళ్ళకి తాను ఫోన్ చేసి చెప్తానని నాన్న అన్నాడు. నేనే చెప్తానన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, సరే అన్నాడు.

తర్వాతి ఆదివారం ఏజాక్స్ వెళ్ళాం. వాళ్ళింట్లో ఇంకో రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి. అంకుల్ నన్ను చూడగానే, ఏరా, బండి ఏడు ఏడుల దగ్గరే పార్క్ చేసి ఉందా అన్నాడు. అందరూ నవ్వారు. నేను గది మధ్యలో, వెంట్ లేని చోట నిలబడి, ఏడో ఎక్కం చివరిదాకా చెప్పాను. ఎనిమిదో ఎక్కం కూడా వచ్చినంత చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆంటీ బుగ్గ గిల్లి, ఎవరు నేర్పార్రా ఇంత బాగా అంది. కింది గదిలో అక్క నేర్పిందన్నాను. ఇంకేం ఆగలేదు, చెంచా దగ్గర్నుంచి దుప్పటి దాకా, వాళ్ళ బాపు మగ్గం సంగతితో సహా, అంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఎవరూ అందించలేదు. ముందు మాట మీద నిలబడి తర్వాతి మాటకి పోయాను.

ముగించాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంకుల్ తన చేతులు చూసుకున్నాడు. ఆయన దగ్గర జోకు లేకుండా పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఆ మాట వెళ్ళిన గుమ్మాలన్నిటికీ ఇది కూడా వెళ్ళిందో లేదో నాకు తెలియదు. అబద్ధానికున్న కాళ్ళు నిజానికి ఉండవు. అయినా చెప్పాల్సిన చోట చెప్పాను.

నాన్న ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ లాప్‌టాప్ తెరిచి ఎక్కాలు వినలేదు. మళ్ళీ మొదట్నుంచి అని కూడా అనలేదు. నేను ఆగితే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురు చూసేవాడు. ఆ ఎదురుచూపు ఏ మగ్గం దగ్గర పుట్టిందో మా ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు నా పిల్లలు ఎక్కాలు చదువుతుంటే నేనూ అలాగే కూర్చుంటున్నాను. బడిలోనూ ఉద్యోగంలోనూ లెక్కలన్నీ ఇంగ్లీషులో చేసినవాణ్ణే అయినా, హెచ్చవేత దగ్గరికి వచ్చేసరికి నా లోపల తెలుగే పలుకుతుంది. ఎవరైనా ఎవరి గురించైనా నా దగ్గర ఒక మాట అంటే, ఆ రెండో మనిషిని అడిగేదాకా నాకు నిద్ర పట్టదు.

అక్క ఇచ్చిన కొత్తిమీర నా దగ్గర బతకలేదు. నీళ్ళు ఎక్కువ పోసి చంపేశాను. అదే డబ్బాలో అమ్మ పోపుల పెట్టెలోని ధనియాలు నలిపి మళ్ళీ వేశాను. రెండుసార్లు రాలేదు, మూడోసారి మొలిచింది. మంచు కరిగాక, ఏజాక్స్ ఆంటీ తనకి తెలిసినవాళ్ళ ఇంట్లో అక్కకి ఒక గది చూసిపెట్టింది. పై అంతస్తు గది, నిలువెత్తు కిటికీ. సామాను చేరవేయడానికి నాన్నా నేనూ వెళ్ళాం. రైస్ కుక్కర్ ఈసారి కూడా నా ఒళ్ళోనే వచ్చింది, దాని మీద డబ్బా. నేను అందరికన్నా ముందు మెట్లెక్కి ఆ డబ్బాని కిటికీలో ఎండ పడే చోట పెట్టాను. అక్క వచ్చి చూసింది. సంచిలోంచి చెంచా తీసి డబ్బా అంచు మీద అయిదుసార్లు తట్టి, ఆగి, చెంచా నా చేతికిచ్చింది.

మిగిలిన ఆరూ నేను తట్టాను.